రెండు ఊళ్ళలో ఒకే రక్తం

నాకు కోపం ఎక్కువని ప్రొద్దుటూరు నగల బజారులో ఎవర్నడిగినా చెప్తారు. అట్లాంటి నాకు చాన్నాళ్ళ పాటు మనిషిని సరిగ్గా తిట్టే భాగ్యం లేకుండా పోయింది. నోటి నిండా పుండ్లు. ఎవరి మీదైనా కేకలేయాలంటే ముందు ఏ బుగ్గలో మంట తక్కువుందో చూసుకుని, ఆ పక్క నుంచి మాట వదలాల్సి వచ్చేది. అట్లా వదిలిన తిట్టుకు ఎదుటివాడు భయపడడు, పాపం అంటాడు. ఆ పాపం అన్న మాట పుండు కన్నా ఎక్కువ మండేది.

మొదట్లో అందరూ వేడి చేసిందన్నారు. మా బజారులో ఏ జబ్బైనా ముందు వేడి కిందనే జమ. సబ్జా గింజలు తాగాను, మజ్జిగ తాగాను, తేనె పూసుకున్నాను. ఎదురంగడి ఆయన చెప్పాడని పొద్దున్నే పచ్చి కొబ్బరి నమిలాను. నమల్లేక ఏడ్చాను కూడా. రెండు నెలలకు రొమ్ము మీద, వీపు మీద నీటిబుగ్గలు లేచాయి. చొక్కా విప్పితే చర్మం కూడా దాంతో పాటే వచ్చింది. అప్పుడు మా ఆవిడ సబ్జా గింజల డబ్బా మూత పెట్టి, నన్ను కడప బస్సెక్కించింది.

మా ఆవిడ జమ్మలమడుగు పిల్ల, నా మేనమామ కూతురు. పెళ్ళికి ముందు బావా అని పిలిచేది, పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటినా అదే పిలుపు. కోపమొచ్చినా బావానే. ఆ పిలుపులోని సాగదీతను బట్టి నా తప్పు ఎంత పెద్దదో నేను తెలుసుకోవాలి.

కడపలో చర్మం డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. చూడగానే అనుమానపడింది. ఒక చిన్న ముక్క కోసి పరీక్షకు పంపి, పది రోజుల తర్వాత పేరు చెప్పింది. పెంఫిగస్. నాకు నోరు తిరగలేదు, పుండ్ల వల్ల కొంత, పేరు వల్ల కొంత. ఆమె ఓపికగా విడమరిచింది. చర్మంలో ఒక కణాన్ని ఇంకో కణానికి అతికించి ఉంచే పదార్థం ఒకటి ఉంటుందట. మన ఒంట్లో రోగాల మీద పోరాడాల్సిన కాపలాదార్లే దారి తప్పి, దాన్ని శత్రువనుకుని కొరికేస్తారట. నాకు వెంటనే అర్థమైంది. గొలుసులో టంకం ఊడితే లంకెలు దేనికవి జారిపోతాయి, అంతే కదా అన్నాను. ఆమె ఒక్క నిమిషం ఆలోచించి, అంతే అంది.

స్టిరాయిడ్ మాత్రలు మొదలైనాయి. తర్వాత రెండు సార్లు ఆసుపత్రిలో పడుకోబెట్టి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చుక్క చుక్కగా ఒక ఇంజెక్షన్ ఎక్కించారు. నా ముఖం పూర్ణం బూరెలా తయారైంది. బజారులో చూసినవాళ్ళంతా, "బాగా ఒళ్ళు చేసినావే అప్పా, యాపారం బాగుందిలే" అనేవాళ్ళు. లోపల జబ్బు, బయట ఐశ్వర్యం. వాళ్ళకు ఏమని చెప్తాం.

పుండ్లు మానాయి, బుగ్గలు ఎండిపోయాయి. మాత్రలు నెలనెలా తగ్గుతూ తగ్గుతూ చివరికి రోజుకొక్క చిన్న మాత్ర దగ్గర నిలబడ్డాయి. ఇంక అది కదల్లేదు. నెలకోసారి అడిగేవాణ్ణి, ఈ ఒక్కటి ఎప్పుడు తీసేస్తారమ్మా అని. నోరు శుభ్రంగా ఉండాలి, రక్తపరీక్షలో అంకె దిగుతూ ఉండాలి, రెండూ చూసి చెప్తా అనేది. చూడటానికి మెంతిగింజంత మాత్ర. కానీ అది ఉన్నన్నాళ్ళూ నేను రోగినే. నా ఇంట్లో కారం వండరు. పుండ్లున్నప్పుడు కారం వద్దని డాక్టరమ్మ చెప్పింది నిజమే, పుండ్లు మానాక కొద్దికొద్దిగా తినొచ్చని చెప్పిందీ నిజమే. మొదటి మాట మా ఆవిడ చెవికెక్కింది, రెండో మాట ఎక్కలేదు. మాత్ర పోయిన రోజే మిరపకాయ ఇంట్లోకి వస్తుందని తీర్మానం చేసింది. రాయలసీమలో పుట్టి, పెరుగన్నమూ ఉప్పు పప్పూ తింటూ రెండేళ్ళు బతికిన మగవాడు ఇంకెవడైనా ఉంటే నాకు చూపించండి, కాళ్ళు కడుగుతాను.

ఆ రక్తపరీక్ష సంగతి కూడా చెప్పాలి. దారి తప్పిన ఆ కాపలాదార్లు రక్తంలో ఎందరున్నారో కొలిచి ఒక అంకె ఇస్తారు. ప్రొద్దుటూరులో మా వీధి చివర ల్యాబులో రక్తమిస్తే, అది బెంగళూరు పోయి, వారం పది దినాలకు రిపోర్టు నా ఫోనుకు వచ్చేది. ఇరవై లోపుంటే లేనట్టు. నాది మొదట రెండు వందలు దాటింది. తర్వాత నూట ముప్పై, ఆ తర్వాత తొంభై. బజారంతా దీన్నొక రేటులా చూడటం మొదలుపెట్టింది. టీ తాగే చోట, "ఈసారి ఎంత పడింది?" అని అడిగేవాళ్ళు. తొంభైకి పడిందంటే సంతోషపడేవాళ్ళు. మా బజారులో ఒక రేటు పడితే అందరూ సంతోషపడింది నా ఒక్కడి విషయంలోనే.

ఆ తర్వాతి రిపోర్టులో అరవై నాలుగు వచ్చింది. ఇరవై వస్తుందనుకున్నాను. పోనీ ఇరవై ఐదు వచ్చినా డాక్టరమ్మను బతిమాలుకుందామనుకున్నాను. అరవై నాలుగు చూసేసరికి అంగట్లో స్టూలు మీదనే కూలబడ్డాను. డాక్టరమ్మ దగ్గరికి పోవడానికి ఇంకా నెలుంది. ఇంట్లో చెప్పబుద్ధి కాలేదు. రిపోర్టు ఇంకా రాలేదన్నాను.

ఇప్పుడు మా ఊరి అలవాటు ఒకటి చెప్పాలి. పాత నగ అమ్ముకోవడానికి వచ్చినవాళ్ళు ఒక్క అంగట్లో అడిగి ఊరుకోరు. మేము గీటురాయి మీద నగను రుద్ది గీత గీస్తాం, పక్కన వన్నె తెలిసిన బంగారంతో ఇంకో గీత గీస్తాం, ఆసిడ్ చుక్క వేసి రెండు గీతల రంగూ పోల్చి వన్నె చెప్తాం. వాళ్ళు సరే సరే అని తలూపి, నగను కొంగున ముడేసుకుని, నేరుగా పక్కంగడికి పోయి మళ్ళీ గీయిస్తారు. అక్కడ వన్నె ఎక్కువ చెప్తే అదే నిజమంటారు, తక్కువ చెప్తే ఆయనకు కండ్లు కనపడవంటారు. ముప్పై ఏళ్ళుగా అట్లాంటి వాళ్ళను చూసి నవ్వుకుంటూ, నవ్వు రాని రోజు అరుస్తూ, బతికినవాణ్ణి నేను. ఇప్పుడు ప్రతి అంగట్లోనూ వన్నె చూసే మిషన్లు వచ్చాయి, అయినా ఆ తిరుగుడు పోలేదు.

ఆ వారమే పులివెందులకు పోవాల్సి వచ్చింది, ఒక పెళ్ళివారింట్లో గాజుల కొలతలు తీసుకోవడానికి. పని తొందరగా అయిపోయింది. బస్సుకు గంట టైముంది. బస్టాండు దగ్గర ఒక ల్యాబు బోర్డు కనిపించింది. లోపలికి పోయి, నా దగ్గరున్న చీటీ చూపించి, ఈ పరీక్ష చేస్తారా అన్నాను. అక్కడి అమ్మాయి చీటీ అటూ ఇటూ తిప్పి, "మేము చేయము మామా, హైదరాబాదుకు పంపిచ్చాము" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. బెంగళూరు కాదు, హైదరాబాదు. రెండో అంగడి దొరికింది. చొక్కా చేయి మడిచి కూర్చున్నాను.

"పోయిన వారమే ఇచ్చినట్టుండావే, సూది గుర్తు ఇంకా పోల్యా" అంది ఆ అమ్మాయి.

"అదేదో వేరే పరీక్షలేమ్మా" అన్నాను. అబద్ధం నోట్లో నుంచి ఎంత సునాయాసంగా వచ్చిందంటే, పుండ్లు లేని నోరు ఎంత హాయో అప్పుడే తెలిసింది.

తొమ్మిదో రోజు ఫోనుకు రిపోర్టు వచ్చింది. పదిహేడు. ఆ అంకెను ఎన్నిసార్లు చూసుకున్నానో చెప్తే సిగ్గుచేటు. దాని కింద సన్న అక్షరాల్లో ఏదో ఉంది, చదవలేదు. పదిహేడు అని అంత లావు అక్షరాల్లో రాసుంటే కింద సన్నవి ఎవడు చదువుతాడు? బెంగళూరువాళ్ళకు కండ్లు కనపడవని తేల్చుకున్నాను. ఇంటికి పోయి, గడప దాటకముందే, "మే, పదిహేడుకు పడింది" అన్నాను.

మా ఆవిడ బియ్యం చెరుగుతోంది. చేట కింద పెట్టింది. "నిజంగానా బావా?" అంది. నిజంగానే అన్నాను. "మరి మాత్ర?" అంది. డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడినాను, మానేయమంది అన్నాను. ఒక అబద్ధం ఆడినాక రెండోది దానంతటదే వస్తుంది, మనం ఆపక్కర్లేదు. ఆమె లేచి, డబ్బాలో అడుగున దాచిన ఎండుమిరపకాయలు తీసి ఎండలో పోసింది. ఆ రాత్రి పప్పులో కారం పడింది. నేను కళ్ళనీళ్ళు పెట్టుకుని తిన్నాను, కారానికి సగం, సంతోషానికి సగం.

తర్వాతి రోజులు నేను ఇంతింత కాదు ఎగిరింది. పొద్దున బొరుగుల ఉగ్గాని, దాంట్లోకి మిరపకాయ బజ్జీలు. మధ్యాహ్నం అన్నంలోకి ఊరిమిండి పచ్చడి. అంగట్లో గొంతు పెరిగింది, నా తిట్లకు మళ్ళీ పదును వచ్చిందని బజారువాళ్ళు మెచ్చుకున్నారు. వారం దాటాక కాళ్ళలో సత్తువ తగ్గినట్టు, లేస్తే తల తిరుగుతున్నట్టు అనిపించింది. ఎండాకాలం కదా అనుకున్నాను. వేడి చేసిందని కూడా అనుకున్నాను, చూడండి, ఇన్ని జరిగినాక కూడా.

పన్నెండో రోజు ఆదివారం. జమ్మలమడుగులో మా ఆవిడ అక్క ఇంటికి పోయాము. మా వదిన ఎర్రకారం దోసెలకు పెట్టింది పేరు. నేను కారం తింటున్నానని ఫోన్లో విని, రమ్మని పట్టుబట్టి పిలిపించింది. పొద్దున పళ్ళు తోముకునేటప్పుడే కుడి బుగ్గలో ఒకచోట చురుక్కుమంది. నాలుకతో తడిమి చూశాను. పలచగా పొర ఊడినట్టు తగిలింది. బ్రష్షు తగిలిందిలే అని నాకు నేనే చెప్పుకుని, జమ్మలమడుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారంతా నాలుకతో ఆ చోటునే తడుముకుంటూ పోయాను.

వదిన మొదటి దోసె నా ముందు పెట్టింది. అంచు నుంచి అంచు దాకా ఎర్రగా, మీద పప్పుల పొడి. "తిను, ఇంగొకటి పోస్తాండా" అంది. ముక్క తుంచి ఎడమ పక్క పెట్టుకున్నాను. అయినా ఆ కారం ఊరుకుంటుందా, నోరంతా తిరిగి కుడి బుగ్గకు పోయి అక్కడ కూర్చుంది. నా కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి. ముఖం మాత్రం మార్చలేదు. మిగతాది పక్కకు నెట్టి, "కడుపు నిండుగా ఉంది వదినా, రోంత పెరుగన్నం పెట్టు చాలు" అన్నాను.

మా ఆవిడ నీళ్ళ గ్లాసు అందిస్తోంది. గ్లాసు అట్లాగే పట్టుకుని నా వైపు చూసింది. పన్నెండు రోజులుగా మూడు పూటలా మిరపకాయ అడిగినవాడు, జమ్మలమడుగు దోసె ముందర పెట్టుకుని పెరుగన్నం అడిగాడు. దీనికి ఏ ల్యాబూ అక్కర్లేదు.

"బావా" అంది. చాలా పొడుగ్గా సాగింది. "డాక్టరమ్మ నిజంగా మానేయమన్యాదా?"

వదిన పెనం మీద దోసె మాడిపోతున్నా తిప్పకుండా మా ఇద్దర్నీ చూస్తోంది. ఇంక చెప్పక తప్పలేదు. బెంగళూరు, హైదరాబాదు, పులివెందుల, సూది గుర్తు, అన్నీ చెప్పాను. కేకలేస్తుందనుకున్నాను. వేయలేదు. గ్లాసు నా ముందు పెట్టి, "రేపు కడపకు పోదాం" అంది. ఆ తర్వాత ఇంటికి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. అక్కతో కూడా మాట్లాడలేదు. నాకు దానికే ఎక్కువ భయమేసింది.

మరుసటి రోజు డాక్టరమ్మ నా నోట్లో లైటు వేసి చూసి, "చిన్నదే, ఒకటే ఉంది" అంది. నాకు ఊపిరి వచ్చింది. తర్వాత రెండు రిపోర్టులూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. పదిహేడు కిందున్న సన్న అక్షరాల మీద వేలు పెట్టింది. "చదవండి" అంది. చదివాను. ఆ ల్యాబు కొలతలో ఏడు లోపుంటేనే లేనట్టట. ఏడు దాటి ఇరవై దాకా అవునో కాదో చెప్పలేనిదట.

"కొలిచే కిట్ వేరే, వాళ్ళ కొలత వేరే. ఈ అంకెను తీసుకొచ్చి ఆ అంకె పక్కన పెట్టకూడదు" అంది. తర్వాత, "మీరు అంగట్లో వన్నె ఎట్లా చూస్తారు?" అని అడిగింది.

నా విద్య గురించి అడిగితే నేను ఎక్కడున్నానో మరిచిపోతాను. గీటురాయి గురించి మొదలుపెట్టి, రాయి ఒకటే ఉండాలి, పక్క గీత ఒకటే ఉండాలి, చూసే కన్ను ఒకటే ఉండాలి, రాయి మారిస్తే గీత రంగు మారుతుంది, అంగళ్ళు మారుస్తూ తిరిగేవాడికి ఎప్పటికీ నిజం తెలీదు అని గట్టిగా చెప్పాను. చెప్తూ చెప్తూ చివర్లో నా మాట నాకే వినపడింది. తల కొట్టేసినట్టయింది.

డాక్టరమ్మ నవ్వలేదు, అది ఆమె మంచితనం. మా ఆవిడ నవ్వింది, ముందురోజు నుంచి మొదటిసారి.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. "ఈ అరవై నాలుగు చూసి నేను భయపడేదాన్ని కాదు" అంది డాక్టరమ్మ. "రెండు వందల నుంచి దిగుతూ వస్తోంది. కొందరికి నోరు బాగైనా అంకె రక్తంలో చాన్నాళ్ళు ఉండిపోతుంది. నేను ముందు నోరు చూస్తాను, తర్వాత అంకె చూస్తాను, అంకె కంటే అది ఎటు పోతోందో చూస్తాను. మీరు ఈ అరవై నాలుగుతోనే వచ్చి ఉంటే, ఆ రోజే మాత్ర సగం చేసేదాన్ని."

నేను బల్ల అంచు పట్టుకున్నాను. అంటే నేను దాచిన కాగితంలోనే నాకు కావలసింది ఉంది. నాలాంటి తెలివైనవాణ్ణి మా బజారులోనే చూడాలి.

స్టిరాయిడ్ ఒక్కసారిగా మానితే ఒళ్ళు తట్టుకోలేదని, కాళ్ళలో సత్తువ పోయింది అందుకేనని, రోడ్డు మీద పడిపోయి ఉండేవాణ్ణని కూడా ఆమె చెప్పింది. మాత్రలు మళ్ళీ మొదలైనాయి, ఈసారి ఇంకొంచెం ఎక్కువ. నెలకు పుండు మానింది. తర్వాత ఆమె చెప్పినట్టు, ఒక్క పూట కూడా నా సొంత తెలివి కలపకుండా తగ్గించుకుంటూ వచ్చాను. రోజు విడిచి రోజు, వారానికి రెండు, ఒకటి. దాదాపు ఏడాదికి మెంతిగింజ నిజంగానే పోయింది. ఇంట్లోకి మిరపకాయ వచ్చింది. కానీ మా ఆవిడ వడ్డించేటప్పుడు నా దవడ ఏ పక్క కదులుతోందో చూడటం మాత్రం మానలేదు.

మాత్ర మానేసిన ఆరు నెలలకు మళ్ళీ రక్తమిచ్చాను, మా వీధి చివరి ల్యాబులోనే. ఒక మధ్యాహ్నం అంగట్లో ఉండగా రిపోర్టు వచ్చినట్టు ఫోను మోగింది. తెరవలేదు. ముందు నేను చూస్తే నా బుద్ధి ఏం చేస్తుందో నాకు తెలుసు. షట్టరు దించి, ఫోను జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాను. మా ఆవిడ వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పక్కన కూర్చుని ఆమె ముందే తెరిచాను.

ఇరవై తొమ్మిది. ఇరవై లోపు కాదు. ఉన్నది ఉన్నట్టు చదివాను.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, "నోరు తెరువు" అంది. ఫోను లైటు వేసి, బుగ్గలు రెండు పక్కలా, నాలుక కింద, చిగుళ్ళ వెనక, తొందర లేకుండా చూసింది. ఏం లేదంది. లైటు ఆర్పింది.

"ఇరవై తొమ్మిదంటే చచ్చిపోవు గదా బావా?" అంది.

ఎగతాళి అనుకుని నవ్వబోయాను. ముఖం చూసి ఆగిపోయాను. అప్పుడు బయటపెట్టింది. కడపలో జబ్బు పేరు చెప్పిన రోజు నన్ను బరువు చూడటానికి లోపలికి తీసుకుపోతే, ఆమె ఒక్కతే డాక్టరమ్మను అడిగిందట, ఈ జబ్బు ఎట్లాంటిదని. ఈ మాత్రలు లేని కాలంలో మనుషులు బతికేవాళ్ళు కాదు, ఇప్పుడు ఆ భయం లేదు, మందు సరిగ్గా వేసుకుంటే చాలు అని డాక్టరమ్మ చెప్పిందట. అందులో మొదటి ముక్క పట్టుకుని ఆమె ఇన్నేళ్ళూ తిరిగింది. నాతో ఒక్క మాట అనలేదు. నేనేమో ఈ కథంతా మిరపకాయ గురించే అనుకున్నాను.

"చచ్చిపోను మే" అన్నాను. "నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు భయపడతావని" అంది. తర్వాత చిక్కుడుకాయల వైపు చూస్తూ, "నువ్వు పదిహేడన్న దినం రెండేండ్లకు కంటినిండా నిద్ర పోయినా బావా. పన్నెండు దినాలు పోయినా. అది గూడా అబద్ధమే అయిపాయ" అంది.

నాకు నోట్లో ఒక్క పుండు లేదు, అయినా ఒక్క మాట రాలేదు. ఫోను ఆమె చేతిలో పెట్టి, ఆ అంకెను ఆమెనే చూసుకోమన్నాను. చాలాసేపు చూసింది. తర్వాత అక్కడే గడప పక్కన కొంగు పరుచుకుని, చేయి తల కింద పెట్టుకుని పడుకుంది, కాసేపటికి నిద్రపోయింది. మిగిలిన చిక్కుడుకాయలు చప్పుడు కాకుండా నేనే ఒలిచాను. సాయంత్రం అంగడి తెరవలేదు.